కానుక కవరు మీద కారణం

సత్వా, దుబాయ్
12 ఫిబ్రవరి 2023

పాలకొల్లు లాకుల వీధి మహారాణి, రిటైర్డ్ ఏఎన్నెం, నా మేనత్త దయాకుమారి గారి పాదాలకు, ముఖ్యంగా నొప్పి పెట్టే ఆ ఎడమ మోకాలికి, మేనకోడలు రేచెల్ వందనాలు.

ఫోన్ చెయ్యకుండా కాగితం ఎందుకు పాడుచేశావని అడుగుతావు. నీ చెవుల సంగతి నీకు తెలుసు. నేను ఇక్కడ అరవాలి, నువ్వక్కడ స్పీకరు పెట్టి నన్ను మించి అరుస్తావు, మనిద్దరి రహస్యాలూ కాలువ లాకుల అవతల గట్టు దాకా వెళ్తాయి. ఈసారి చెప్పేది వీధిలో కేకవేసే సంగతి కాదు. అందుకే రాసి, నా గదిలో ఉండే నర్సు సెలవు మీద వస్తుంటే ఆమె చేతికిస్తున్నాను. ఖర్జూరాల పొట్లం కింద వెతుకు.

అత్తా, నాకు లైసెన్సు వచ్చింది.

లేచి నిలబడక్కర్లేదు, కూర్చునే చదువు. మూడేళ్ళుగా నేను అసిస్టెంటును. బి.ఫార్మసీ ఫస్టు క్లాసులో పాసై, ఎడారి దాటి వచ్చి, నేను వినియోగించిన అధికారాలు ఇవి: పై అరలోంచి దగ్గు మందు దింపడం, "రెండు నిమిషాలాగండి, ఫార్మసిస్టు వస్తారు" అనడం. ఇప్పుడు ఆ రెండు నిమిషాల తర్వాత వచ్చే మనిషిని నేనే. లైసెన్సు చట్రం కట్టించి గోడకు తగిలించారు. నా ఫోటోలో నేను దొంగలా ఉన్నాను గానీ ముద్ర మాత్రం అసలైనదే.

ఇందులో నీకు సంబంధించిన ముక్క ఒకటుంది. మా షాపులో కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలకు డాక్టరు చీటీ అడగరు. అలాగని అసిస్టెంటు చెయ్యి చాపి అరలోంచి తీసివ్వడానికీ లేదు. లైసెన్సున్న ఫార్మసిస్టు ఆమెను లోపల కూర్చోబెట్టి, అడగాల్సినవి అడిగి, బీపీ చూసి, ఏది పడుతుందో తేల్చి, తన పూచీ మీద ఇవ్వాలి. ఇన్నాళ్ళూ ఆ తెర బయట నిలబడ్డాను. ఇప్పుడు లోపల కుర్చీ నాది.

సత్వాలో ఆడవాళ్ళు నేరుగా అడగరు. ముందు తలనొప్పికి వేసుకునే పనడాల్ షీటు ఒకటి చేతిలోకి తీసుకుంటారు. కౌంటరు దగ్గర మగవాళ్ళు ఖాళీ అయ్యేదాకా దాని మీది అక్షరాలు చదువుతూ నిలబడతారు. పనడాల్‌ను అంత భక్తిగా చదివినవాళ్ళు దాన్ని తయారుచేసే చోట కూడా ఉండరు. తర్వాత దగ్గరకొచ్చి, "దక్తూరా, ఇంకోటి అడగనా" అంటారు. ఇక్కడి అరబ్బులు ఫార్మసిస్టును కూడా డాక్టరనే పిలుస్తారు, వాళ్ళను చూసి మనవాళ్ళూ అలవాటు పడ్డారు. ఆ మాట నాన్నకు ఫోన్లో ఒకసారి మురిపెంగా చెప్పిన పాపానికి ఆయన ఊరందరికీ నన్ను పిల్లల డాక్టరుగా ప్రకటించాడని తెలిసింది. నేను చేసే పనేమిటో ఈ మూడేళ్ళలో ఆయన అడగలేదు. నేనే చెప్పబోతే "భోంచేశావా" అంటాడు.

నాకు కావలసింది ఒకటే. అమ్మ పోయాక నన్ను నువ్వు పెంచావు, ఫీజులు ఆయన కట్టాడు. నా కూతురు ఫలానా పని చేస్తుందని ఆయన నోటితో ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు అనాలి. చిన్న కోరికే, కానీ ఆయన నోరు నీకు తెలుసు.

నా పేరున చర్చిలో కృతజ్ఞత కానుక వెయ్యి. కవరు మీద కారణం నువ్వే రాయి, దాచకుండా రాయి. నాన్న రాస్తే "ప్రమోషన్ వచ్చినందుకు" అని తేల్చేస్తాడు.

ఇంకోటి. ఊళ్ళలో సైకిలేసుకుని మాత్రలు పంచిన రోజుల్లో, మాత్ర చేతిలో పెట్టే ముందు నువ్వు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? పుస్తకాల్లోవి నాకొచ్చు. నీది కావాలి.

ఇట్లు,
గోడకు వేలాడుతున్న నీ మేనకోడలు
రేచెల్


పాలకొల్లు
19 మార్చి 2023

ఒసేయ్ రేచెలూ,

వందనాలు ముట్టాయి. ఎడమ మోకాలు కాదు, కుడిది. మేనత్త ఏ కాలు కుంటుతుందో తెలియనిదానికి లైసెన్సు ఎవరిచ్చారే?

ముందు శుభవార్త. కానుక వేశాను. ఇక శుభవార్తలు లేవు.

కారణం నువ్వన్నట్టే దాచకుండా రాశాను. నా దస్తూరీ సంగతి నీకు తెలుసుగా, ముత్యాలు. ఆ ముత్యాలే కొంప ముంచాయి. కోడి గీకినట్టు రాసి ఉంటే పాస్టరుగారు కూడబలుక్కుంటూ మధ్యలో ఎక్కడో అక్కడ ఆగేవారు. నా రాత పట్టాల మీద రైలు. "మా మేనకోడలు రేచెల్‌కు దుబాయిలో గర్భనిరోధక మాత్రలు సొంతంగా ఇచ్చే అధికారం దయచేసినందుకు" అని మైకులో గడగడా చదివేసి, ఏం చదివారో అప్పుడు విన్నారాయన.

ఫ్యాన్ల చప్పుడొకటే. మైకు కాబట్టి నాక్కూడా అన్నీ వినబడ్డాయి. ఎవరో ఒకరు గట్టిగా "ఆమెన్" అన్నారు. అది నేనేనని మీ నాన్న నింద. నేనే. మిగతా కవర్లన్నిటికీ పలికి దీనికి ఎగ్గొడతారా?

మీ నాన్న సంఘ పెద్ద కదా, మొదటి వరస. అక్కడి నుంచి లేచి, గుమ్మం దగ్గర దొరికిన చెప్పులు తొడుక్కుని ఇంటికెళ్ళిపోయాడు. తర్వాత చూస్తే రెండూ ఎడమ కాలివే. చెప్పులు పోయిన ఇద్దరూ సాయంత్రం దాకా వీధిలో తిరిగారు.

మర్నాటికి ఊళ్ళో కథ ఎటు పడితే అటు పెరిగింది. నువ్వే ఆ మాత్రలు మింగుతున్నావని కొందరు, దుబాయి మొత్తానికి పిల్లలు పుట్టకుండా చేసే కంపెనీ పెట్టావని కొందరు. చర్చి వార్షికోత్సవానికి కుర్రాళ్ళు కట్టిన ఫ్లెక్సీ మీద నీ ఫోటో కింద "డాక్టర్ రేచెల్, పిల్లల స్పెషలిస్ట్, దుబాయ్" అని ఉంది. వేయించింది మీ నాన్నే. ఇప్పుడు దాని ముందు నిలబడి జనం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు.

మీ నాన్న నాతో మాట్లాడ్డం మానేశాడు. గోడ అవతల నుంచి గోడతో మాట్లాడతాడు, నేను వినాలని. నిన్న గోడతో అన్నది రాస్తున్నాను. "మన పిల్లలు ఎంతమంది నర్సులు కాలేదూ? ఎవరి పేరైనా ఇలా మైకులో చదివారా? హాస్పిటల్లో చేరమను. ఆ మాత్రల కొట్టు మానేదాకా నాకు ఫోన్ చెయ్యద్దని రాయి." రాశాను. పంపడం నా వంతు, వినడం మానడం నీ ఇష్టం.

నా సంగతీ నీకు తెలియాలి. నేను సైకిలెక్కితే పిల్లలు "మాత్రలమ్మొచ్చింది" అని వెనకాల పరిగెత్తేవారు. మగాళ్ళు అరుగుల మీద నుంచి ఏదో ఒకటి విసిరేవారు, మాటో మట్టిబెడ్డో. అయినా తిరిగాను. వీధి తలుపు వేసుకున్నవాళ్ళు పెరటి తలుపు తీసేవాళ్ళు.

నా మొదటి ప్రశ్న అడిగావు. "ఈ మాత్రలు ఇంట్లో ఎక్కడ దాచుకుంటావమ్మా?" ఇదే. ఆ ఒక్కటీ చెప్పిందంటే ఆ ఇంట్లో మొగుడెవరు, అత్త ఎవరు, తాళం ఎవరి బొడ్లో ఉంది, అన్నీ చెప్పినట్టే. మిగతావి నీ పుస్తకాల్లోంచి అడుగు.

ఖర్జూరాలు బాగున్నాయి. సగం మీ నాన్నకు గోడ మీంచి అందించాను. కోపంగానే తిన్నాడు.

దీవెనలతో,
దయత్త


సత్వా
2 ఏప్రిల్ 2023

సంఘ బహిష్కృతురాలైన అత్తకు తోటి బహిష్కృతురాలి వందనాలు.

నీ ఉత్తరం మెట్రోలో చదివి నవ్వాను, పక్కావిడ సీటు మారింది. రెండు ఎడమ చెప్పులతో నాన్న నడక తలుచుకుంటే నవ్వు ఆగలేదు. ఫోన్ చెయ్యద్దన్న ముక్క దగ్గర ఆగింది.

ఈ ఉత్తరం పట్టుకొచ్చే కృపాకర్, ఇక్కడ అంబులెన్సు నడుపుతాడు, కింద టాక్సీలో ఉన్నాడు, విమానానికి టైమైంది, వివరంగా మళ్ళీ రాస్తాను. ఈ వారం ఒకామె మాత్రలకు వచ్చింది. నేను ఇవ్వనన్నాను. ఆమె ఉత్తి చేతులతో వెళ్ళిపోయింది. లైసెన్సు గోడ మీద నుంచి నన్నే చూస్తోంది. మా ముదీర్ నన్నే సాహెబ్ (ముదీరంటే ఇక్కడ మేనేజరు, నెల్లూరాయన, షాపంతా ఆయన చూపు మీదే నడుస్తుంది) అన్నాడు కదా, "క్యా డాక్టర్, వచ్చినోళ్ళని ఇట్నే పంపిస్తా ఉంటే ఖలాస్, షట్టర్ దించుకోవాల్సిందే."

నాన్న చెప్పినట్టు హాస్పిటల్లో చేరి ఉంటే ఈ తిట్లు వేరేవాళ్ళు తినేవారు కదా అనిపించింది. ఒక్క పూటే.

కృపాకర్ హారన్ కొట్టిస్తున్నాడు.

రేచెల్


పాలకొల్లు
25 ఏప్రిల్ 2023

రేచెలూ,

ఈసారి దీవెనలు చివర్లో చూద్దాం.

నాన్నకు భయపడి ఆడదాన్ని ఉత్తి చేతులతో పంపావా? చర్చిలో నలుగురు గుసగుసలాడారని నీ కుర్చీలోంచి నువ్వే లేచిపోతావా? నా మీద మట్టిబెడ్డలు పడ్డాయి, నేనెవర్నీ అలా పంపలేదు. ఒకటి కుదరకపోతే ఇంకోటి ఇచ్చేదాన్ని, అదీ కాకపోతే నిరోధ్ చేతిలో పెట్టి, వారం తిరక్కుండా ఏదో వంక మీద వాళ్ళ వీధికి వెళ్ళేదాన్ని.

ఇక్కడేం జరుగుతుందో తెలుసా? ఆ ఆదివారం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్ళే మామూలు రోజుల్లో నా అరుగెక్కుతున్నారు. ఒక్కొక్కరే. చేతిలో గిన్నె. "కాస్త గోంగూర పచ్చడి తెచ్చానక్కా" అంటూ కూర్చుంటారు. పచ్చడి గురించి కాసేపు. ఇంకాసేపు. ఆఖర్న, "మీ రేచెల్‌ని ఒకటి అడిగి చెప్తారా?" మీ సత్వా ఆడవాళ్ళ పనడాలే ఇక్కడ గోంగూర పచ్చడి. నా అల్మైరా నిండా ఊరివాళ్ళ గిన్నెలే. మొన్న స్త్రీల సమాజం ప్రార్థన అయ్యాక పాస్టరమ్మగారు కూడా వచ్చారు, కూతురి కోసమని. ఎవరేం అడిగారో వేరే కాగితంలో రాసి పెట్టాను, వాళ్ళందరికీ నువ్వు సమాధానం చెప్పాలి, నువ్వేమో అక్కడ తలుపు వేసుకుంటావు.

నాకు ఒళ్ళు మండి మీ నాన్న గుమ్మంలోకెళ్ళి నిలబడి, "నీ కోపం చూసి భయపడి పిల్ల ఒకామెకు మాత్రలు ఇవ్వనందిరా" అన్నాను. సిగ్గుపడతాడనుకున్నాను. మీ నాన్న, ఆ ఐజక్ అనేవాడు, ఏం చేశాడనుకున్నావు? ఛాతీ పొంగించాడు. నెల తర్వాత మొదటిసారి గోడతో కాకుండా నాతో మాట్లాడాడు. "నా కూతురు నా మాట తీసెయ్యదక్కా" అన్నాడు. ఆ ఆదివారం చర్చి ముందు ఆగి, కనిపించినవాళ్ళకల్లా చెప్పాడు. నువ్వు తండ్రి మాట విని ఆ పని మానేశావట. ఫ్లెక్సీ తడిగుడ్డతో తుడిపించాడు. నీ ఫోటోకి దండ ఒక్కటే తక్కువ.

ఈ రాత్రో రేపో నీకు ఫోన్ చేస్తాడు. మురిసిపోతూ చేస్తాడు. నీకు కావలసింది అదేగా, తీసుకో.

దయత్త


సత్వా
14 మే 2023

అత్తా,

నాన్న ఫోన్ చేశాడు. "భోంచేశావా" అనలేదు. "నా పరువు నిలబెట్టావమ్మా" అన్నాడు. ఆ గొంతు నేను చిన్నప్పుడు ఒకసారే విన్నాను, పదో తరగతి రిజల్ట్స్ రోజున. ఒప్పుకుంటున్నాను, ఆ తీపి కాసేపు చప్పరించాను. ఇంకో మాట లేకుండా "సరే నాన్నా" అని పెట్టేస్తే చాలు, కథ సుఖాంతం. నేను సరే అన్నాను, పెట్టేశాను. అప్పట్నుంచి పళ్ళ సందులో పీచులా ఉంది.

నువ్వూ తప్పే చదివావు, నేనూ తప్పే రాశాను. నింద కృపాకర్ హారన్ మీద వేస్తున్నాను. జరిగింది ఇది.

వచ్చినామె పేరు విజయదుర్గ. రాజమండ్రి. మా వెనక సందులోని బ్యూటీ సెలూన్లో కనుబొమలు తీస్తుంది. నోట్లో దారం, చేతుల్లో దారం, కంపెనీ మెషీను కూడా అంత తిన్నగా తియ్యదు. భర్త ఖోర్ ఫక్కాన్ పోర్టులో పని, సెలవు దొరికినప్పుడు వస్తాడు. పిల్లలిద్దరూ రాజమండ్రిలో వాళ్ళమ్మ దగ్గర. ఇప్పుడు కడుపొస్తే ఆ కుర్చీ ఇంకొకరికి వెళ్తుందని ఆమె భయం. సెలూన్లో ఒక అమ్మాయి వాడే మాత్ర పేరు చెప్పి అదే కావాలంది. అది రెండు హార్మోన్లు కలిసినది. బీపీ చూశాను. మెషీను తప్పనుకుని మళ్ళీ చూశాను. మెషీను తప్పు కాదు. తరచూ తలనొప్పి కూడానట. అంత బీపీ మీద ఆ మాత్ర వేస్తే మెదడులో రక్తం గడ్డకట్టే ప్రమాదం. ఇవ్వనన్నాను. ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళమన్నాను.

"నీకు పెళ్ళయిందా?" అంది. లేదన్నాను. "మరి నీకేం తెలుసు" అని పనడాల్ కూడా అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆ సెలూన్ వాళ్ళెవరూ మా మెట్లెక్కలేదు. పిన్నీసుకు కూడా అవతలి రోడ్డు ఫార్మసీకి వెళ్ళారు.

ఇవ్వనన్నది తప్పు కాదత్తా, రేపొచ్చినా ఇవ్వను. కానీ "డాక్టరు దగ్గరకు వెళ్ళు" అనడం నాకెంత తేలికో ఆమెకు అంత కష్టమని తర్వాత తట్టింది. సెలవు పెట్టాలి, సెలూన్ నడిపే మేడమ్‌కు కారణం చెప్పాలి. ఆ షాపులో నేను మాట్లాడింది బీపీతో, ఆమెతో కాదు.

అందుకని నీ పద్ధతిలోనే వంక పెట్టుకుని వెళ్ళాను. నీ కోపపు ఉత్తరం రాకముందే వెళ్ళాను, గమనించగలవు. సెలూన్లో విజయదుర్గ కుర్చీలో కూర్చుని కనుబొమలు తియ్యమన్నాను. ఆమె నా మొహం చూసి, దారం పళ్ళ మధ్య పెట్టి, పగ తీర్చుకునే అవకాశం ఇంత త్వరగా వస్తుందనుకోలేదన్నట్టు మొదలుపెట్టింది. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా నీ ప్రశ్న అడిగాను. "మాత్రలిస్తే ఎక్కడ దాచుకుంటావక్కా?"

దారం ఆగింది. "దాచడం ఎందుకు?" అంది. "మా ఆయనకు తెలుసు. ఆయనే వెళ్లమన్నాడు." తలుపు వైపు చూసి, "గదిలో మేం ఆరుగురం. నా బీపీ సంగతి మేడమ్ చెవిన పడకూడదు. చేతులు వణికేదాన్ని కుర్చీలో ఎవరుంచుకుంటారు? నాకు బీపీ అని నాకు ముందే తెలుసు. నేను దాచుకునేది అది" అంది.

చూశావా అత్తా. ఆమె మాత్ర దాచుకోవడం లేదు, జబ్బు దాచుకుంటోంది. నీ ప్రశ్న అడక్కపోతే పుస్తకాల్లోవన్నీ అడిగినా ఇది బయటపడేది కాదు.

ఒకటే హార్మోను ఉండే మాత్ర వేరే ఉంది, అలాంటివాళ్ళకు చాలావరకు పనికొస్తుంది. దాని సంగతి మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాల్సింది, ఆమె లేచిపోయేలోగా నేనూ లేచాను. ఇప్పుడు చెప్పాను. రోజూ ఒకే వేళకు వెయ్యాలని, ఏ లక్షణాలు కనిపిస్తే ఆపి పరిగెత్తాలో కూడా చెప్పాను. శుక్రవారం ఇద్దరం క్లినిక్‌కు వెళ్ళాం. ఈ బీపీతో ఆ మొదటి మాత్ర మొదలుపెట్టకపోవడం మంచిదైందని డాక్టరమ్మ అంది. బీపీ మందు రాసింది. ఆ రెండో మాత్ర మాత్రం నా పూచీ మీద, నా చేత్తో, నా సంతకంతో ఇచ్చాను. రెండో వారానికి బీపీ దిగడం మొదలైంది. సెలూన్ మొత్తం మళ్ళీ మా మెట్లెక్కుతోంది. నన్నే సాహెబ్ ఇప్పుడు నన్ను "హమారా డాక్టర్" అంటూ కస్టమర్లకు చూపిస్తున్నాడు, ఇదంతా తన ఐడియా అయినట్టు. నా ఎడమ కనుబొమ మాత్రం కుడిదానికన్నా సన్నం. అది పగ తీరకముందు తీసింది.

ఇక అసలు పని. ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించు. నెమ్మదిగా కాదు, నీ మామూలు గొంతుతో. నేను మానలేదు. ఆయనకు భయపడి ఇవ్వకపోవడం కాదు, ఇవ్వకూడదని తెలిసి ఇవ్వలేదు. ఇవ్వగలిగింది వెతికి ఇచ్చాను, రేపూ ఇస్తాను. నన్ను చూసి గర్వపడదలిస్తే నేను చేసిన పనికి పడమను. లేదంటే కోపంగానే ఉండమను. ఆ కోపమైనా నాదే. ఈ గర్వం ఎవరిదో తెచ్చి నా చిరునామాకు ఇచ్చినట్టుంది, వాపసు పంపుతున్నాను.

గోంగూర పచ్చడి వాళ్ళందరికీ సమాధానాలు వేరే కాగితంలో రాసి, ఎవరిది వాళ్ళకి మడతపెట్టాను. పాస్టరమ్మగారి కూతుర్ని మాత్రం అక్కడి డాక్టరుకు చూపించమను, ఆమె చెప్పినవి దూరం నుంచి తేల్చేవి కావు.

ఒంటి కనుబొమ దక్తూరా,
రేచెల్


పాలకొల్లు
5 జూన్ 2023

నా బంగారూ,

కిందటి ఉత్తరంలో ఎగ్గొట్టిన దీవెనలు కూడా కలిపి ముందే ఇస్తున్నాను, తీసుకో. నిన్ను అనుమానించినందుకు నా కుడి మోకాలు నాకు బుద్ధి చెప్పింది, మెట్లు దిగుతూ పట్టేసింది.

చదివాను. మీ నాన్న అరుగు మీద కూర్చున్నాడు, నేను గుమ్మంలో నిలబడ్డాను. నా మామూలు గొంతు అన్నావు కదా, అరుగు దాటి వీధి, వీధి దాటి లాకులు. ఎదురింటివాళ్ళు టీవీ ఆపారు. "ఎవరిదో తెచ్చి నా చిరునామాకు" అన్నచోట నేను కళ్ళు తుడుచుకోడానికి ఆగితే, మీ నాన్న "చదువు" అన్నాడు.

అయ్యాక ప్రశ్నలు మొదలుపెట్టాడు. "ఇవ్వొచ్చో లేదో పైవాళ్ళెవరూ చీటీ రాసివ్వరా?" రాయరన్నాను. "ఇవ్వననడం కూడా దాని ఇష్టమేనా?" ఇష్టం కాదురా, దాని పని అన్నాను. "పొరపాటైతే?" దాని మెడకే అన్నాను. లేచి తువ్వాలు భుజాన వేసుకుని లాకుల దగ్గరకు పోయాడు.

నీకు తెలుసుగా, ముప్పై ఏళ్ళు ఆ లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరుగా చేశాడు. ఇంజనీరుగారి చీటీ లేనిదే తలుపు జానెడు ఎత్తడానికి వీల్లేదు, దించడానికీ వీల్లేదు. పెద్ద వరద వచ్చిన ఏడాది దారులు తెగి చీటీ రాలేదు. రైతులు కొందరు ఎత్తమని, కొందరు వద్దని చుట్టూ మూగారు. నీళ్ళను చూసి, తనే తేల్చుకుని, రెండు తలుపులు ఎత్తి, మూడోది ఎత్తనన్నాడు. ఆ మూడోదాని కోసం కాలరు పట్టుకున్నారు కూడా. ఎత్తిన రెంటికీ ఊరు దండ వేసింది. ఎత్తని మూడోదాని గురించి ఎవరూ మాట్లాడలేదు. అది ఎత్తి ఉంటే అవతలి పేట మునిగేదని వాడికి తెలుసు, నాకు తెలుసు. లాకుల దగ్గర నుంచి తిరిగొచ్చి, "అక్కా, ఇది మూడో తలుపు" అన్నాడు. పెట్టెలోంచి పెన్ను తీసుకున్నాడు.

నిన్న ఆదివారం. కానుకలు చదివే వేళకు పాస్టరుగారు ఒక కవరు పట్టుకుని, ఈసారి ముందు మనసులో చదువుకుని, మొదటి వరస వైపు చూశారు. మీ నాన్న తలూపాడు. మీ నాన్న రాత కోడి గీకినట్టే ఉంటుంది కాబట్టి పాస్టరుగారు ఆగి ఆగి చదివారు, అందుకే ఒక్క మాటా ఎవరికీ తప్పిపోలేదు.

"నా కూతురు రేచెల్ డాక్టరు కాదు. దుబాయిలో మందుల షాపులో ఫార్మసిస్టు. ఆడవాళ్ళకు గర్భం రాకుండా మాత్రలు ఇస్తుంది. అడిగి, చూసి, తన పూచీ మీద ఇస్తుంది. ఇవ్వకూడనిది ఎవరు తిట్టినా ఇవ్వదు. అందుకు కృతజ్ఞతలు. ఇట్లు, తండ్రి ఐజక్."

మళ్ళీ ఫ్యాన్ల చప్పుడు. ఈసారి నేను నోరు కట్టేసుకున్నాను, చూద్దామని. మొదటి వరసలోంచి ఒక్కడే "ఆమెన్" అన్నాడు. వెనక గిన్నెలవాళ్ళందరూ అందుకున్నారు. పాస్టరమ్మగారిది అందరికంటే గట్టిది.

బయటికొచ్చి తన చెప్పులే తొడుక్కున్నాడు. నేను చూశాను.

దయత్త


సత్వా
22 జూన్ 2023

అత్తా,

నాన్న రాసిన ఆ కవరు కోశాధికారి దగ్గర అడిగి పుచ్చుకుని, మళ్ళీ ఊరొచ్చిన ఖర్జూరాల నర్సు చేతికిచ్చావట. అందింది. ఉత్తరం ముక్క కూడా పెట్టకుండా ఖాళీ కవరు పంపడం నీకే చెల్లింది.

నాన్నతో రాత్రి మాట్లాడాను. "భోంచేశావా" అన్నాడు. తిన్నానన్నాను. తర్వాత, "ఇవాళ ఎంతమందికి ఇచ్చావు, ఎంతమందికి ఇవ్వలేదు?" అన్నాడు. చెప్పాను. ఇవ్వనివాళ్ళ గురించి ఎక్కువసేపు అడిగాడు.

కవరుకు చట్రం కట్టించి షాపులో లైసెన్సు పక్కన తగిలించాను. నన్నే సాహెబ్ వచ్చి కళ్ళజోడు సవరించుకుని చూశాడు. ఆయనకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఈ గోడ మీద సర్కారు కాగితాలు తప్ప ఇంకేవీ ఉండకూడదన్నాడు. ఇదీ సర్కారుదే అన్నాను.

"ఏ సర్కారు?"

"కాలువల శాఖ," అన్నాను. "రిటైర్డ్."

ఇట్లు,
ఐజక్ గారి కూతురు
రేచెల్, ఫార్మసిస్టు